కార్టర్ హాల్ రుచి చూశాను: వైజాగ్ గాలిలో వర్జీనియా, బర్లీ ఎలా ఉన్నాయంటే

వాల్తేరు పైపు | శనివారం, రాత్రి 9:40

మా తోడల్లుడు న్యూజెర్సీ నుంచి వస్తూ కార్టర్ హాల్ పైపు పొగాకు పౌచ్‌లు రెండు తెచ్చాడు. మూడోది కూడా తెమ్మంటే కస్టమ్స్ లెక్క చెప్పాడు. పౌచ్ ఒకటిన్నర ఔన్సు, అంటే 42.5 గ్రాములు. మనిషికి 125 గ్రాముల వరకే సుంకం లేకుండా వదులుతారు. మూడైతే 127.5. రెండున్నర గ్రాముల కోసం ఎయిర్‌పోర్టులో నిలబడలేను, పొమ్మన్నాడు. మనిషే అంత.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇది జాన్ మిడిల్టన్ వాళ్ల సరుకు. ఫిలడెల్ఫియాలో 1856లో పుట్టిన కంపెనీ, 2007లో సిగరెట్ల కంపెనీ ఆల్ట్రియా కొనేసింది. అమెరికాలో మందుల షాపులో కూడా దొరికే రకం కాబట్టి ఇలాంటివాటిని డ్రగ్‌స్టోర్ బ్లెండ్ అంటారు. బర్లీ, వర్జీనియా అనే రెండు రకాల పొగాకు ఆకులు కలిపి, పైన తీపి పూత పూస్తారు. లాటాకియా, పెరిక్ లాంటి ఘాటు సరుకులేవీ ఇందులో లేవు. ఖరీదైన డబ్బాలు కొనేవాళ్లు దీన్ని చిన్నచూపు చూస్తారు. నేను చూడను. రెండు ఆకులు ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయో తెలుసుకోవాలంటే ఇంతకన్నా సులువైన పాఠం లేదు.

పౌచ్ విప్పగానే బెల్లం పాకం, కోకో పొడి, వాటి వెనకాల ఎండుగడ్డి వాసన. తెల్ల కాగితం మీద పోసి చూశాను. ఎక్కువ భాగం ముదురు గోధుమరంగు ముక్కలు, మధ్యమధ్యలో నారింజ, పసుపు పేలికలు. ముక్కలు పొట్టివి, ఒక సైజులో లేవు. పైపు గిన్నెలో నింపడానికి పెద్ద నేర్పు అక్కర్లేదు, దానంతట అదే సర్దుకుంటుంది.

వెలిగించిన మొదటి ఐదు నిమిషాలూ పూత రుచే. దాని మీద తీర్పు చెప్పకండి. పూత కాలిపోయాక అసలు సంగతి మొదలవుతుంది. గిన్నె మూడోవంతు దిగాక బర్లీ బయటికొచ్చింది: వేయించిన వేరుశనగ పొట్టు, కొంచెం కాల్చిన రొట్టె, తీపి లేని కోకో. వర్జీనియా ముందుకు రాదు. పొగ వదిలాక నాలుక చివర సన్నటి తీపి మిగులుతుంది చూడండి, అదీ వర్జీనియా. ముక్కులోంచి పొగ వదిలితే (కొద్దిగానే, లేకపోతే మంట) ఎండుగడ్డి, నిమ్మతొక్క లాంటి పులుపు ఇంకా బాగా తెలుస్తాయి.

సగం దాటాక పెద్దగా మార్పు లేదు. ఇదొక లోపమనే చెప్పాలి. చివర్లో బూడిద రుచి తగులుతుంది, అక్కడ ఆపేయడం మంచిది. బూడిద మాత్రం తెల్లగా, పొడిగా వచ్చింది. అడుగున తడి ముద్ద లేదు.

నికోటిన్ మధ్యస్థం. రుచికి పదికి ఆరున్నర. రోజూ కాల్చేవాడి కోణంలో చూస్తే ఏడున్నర ఇస్తాను.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతున్నా. నెట్‌లో అమెరికా వాళ్లు రాసింది చదివి "పౌచ్ నుంచి నేరుగా పైపులో వేసుకోవచ్చు, పొడిగానే వస్తుంది" అని ఇక్కడ నమ్మకండి. వాళ్ల గాలి వేరు, మన లాసన్స్ బే సముద్రపు గాలి వేరు.

కొత్తకుర్రాడు ఎంవీపీ | శనివారం, రాత్రి 10:15

మాస్టారూ, నమస్తే. నేను పైపు మొదలుపెట్టి ఎక్కువ కాలం కాలేదు. ఏ పొగాకు వేసినా నాలుక మండిపోతోంది. మర్నాడు సాంబారు తినలేకపోతున్నా. ఇది కూడా అంతేనా? వర్జీనియా తీపిగా ఉంటుందంటారు కదా, మరి మండేది ఎందుకు?

బేరన్ బుజ్జి | శనివారం, రాత్రి 11:02

దీనికి నేను చెప్తా. మాది జంగారెడ్డిగూడెం పక్కన. చిన్నప్పట్నుంచీ పొగాకు ఆరబెట్టే బేరన్ల మధ్య పెరిగినవాణ్ణి, ఇప్పుడు ఉద్యోగం గాజువాకలో.

తమ్ముడూ, వర్జీనియా అంటే ఏదో గింజ తేడా ఒక్కటే కాదు, కాల్చి ఆరబెట్టే పద్ధతి. పచ్చాకు కోసి, కర్రలకి కట్టి, బేరన్‌లో అంతస్తులుగా వేలాడదీస్తారు. పొగ తగలదు. గొట్టాల్లోంచి వేడి మాత్రమే వెళ్తుంది. మొదట 35 డిగ్రీల చుట్టుపక్కల తేమగా ఉంచి ఆకుని పసుపు తిప్పుతారు. ఆ రోజుల్లోనే ఆకులో ఉన్న పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. సరిగ్గా ఆ టైములో వేడి పెంచి ఆకుని ఆరబెట్టేస్తారు. దాంతో చక్కెర ఆకులోనే ఉండిపోతుంది. చివరికి ఈనె ఎండేదాకా 70 డిగ్రీల వరకు తీసుకెళ్తారు. మొత్తం వారం లోపే అయిపోతుంది. ఆ వారం మా నాన్న సరిగా నిద్రపోయేవాడు కాదు. అర్ధరాత్రి టార్చి పట్టుకుని థర్మామీటర్ చూసొచ్చేవాడు. పసుపు తిరగకముందే వేడి పెరిగితే ఆకు పచ్చగా ఉండిపోతుంది, ఆలస్యమైతే మచ్చలు పడుతుంది. రెండింటికీ వేలంలో రేటు పడిపోతుంది.

బర్లీకి బేరన్ ఉండదు. నీడన గాలికి వారాల తరబడి వేలాడుతుంది. ఆకు మెల్లగా చస్తూ తనలోని చక్కెరంతా తనే తినేస్తుంది. అందుకే వర్జీనియాలో చక్కెర 15 శాతం అటూ ఇటూ ఉంటే, బర్లీలో ఉన్నా లేనట్టే.

ఇప్పుడు నీ నాలుక సంగతి. చక్కెర ఉన్న ఆకు తడిగా ఉంటే ఆవిరి ఎక్కువ, దమ్ము మీద దమ్ము లాగితే వేడీ ఎక్కువ. నీ నాలుక ఉడుకుతోంది తమ్ముడూ, అంతే. బర్లీ కలిస్తే మంట చల్లగా, నెమ్మదిగా సాగుతుంది. ఇలాంటి బ్లెండ్ పుట్టిందే అందుకు.

పూర్ణా మార్కెట్ మనవడు | ఆదివారం, ఉదయం 7:20

ఈ చర్చ చూస్తే నవ్వొస్తోంది. మా తాత పూర్ణా మార్కెట్‌లో పొగాకు కాడలు, చుట్టలు అమ్మేవాడు. గోదావరి లంక పొగాకు వస్తే ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్క మాట: "ఉంది" లేదా "లేదు". అదే ఆయన రివ్యూ. పదికి ఆరున్నర, ఏడున్నర ఏటండీ?

సరదాకి అన్నాను గానీ, ఒక అసలు అభ్యంతరం ఉంది. వేరుశనగ పొట్టు, కోకో అన్నారు. ఆ కోకో బర్లీదని ఎలా చెప్తున్నారు? బర్లీ ఆకు గుల్లగా ఉంటుంది, ఏ పాకం పోస్తే ఆ పాకం తాగుతుంది. అమెరికా వాళ్లు దానికి కోకో, లికోరైస్ (అతిమధురం), చక్కెర పట్టించేదే అందుకు. మీరు రుచి చూసింది ఆకునా, కంపెనీవాడి వంటనా?

వాల్తేరు పైపు | ఆదివారం, ఉదయం 9:05

మంచి ప్రశ్న. కొంత మీరన్నది నిజమే, కోకోలో సగం వంటే. కానీ ఏ పూతా లేని బర్లీ కాల్చినా ఆ పొట్టు రుచి, ఆ చేదు-కోకో వాసన వస్తాయి. ఇందులో పూత ఆ రుచిని పెంచుతుంది గానీ, రుచంతా పూతదే కాదు. అలా కాకపోతే ఇదే పూత వర్జీనియాకి పూసినా అదే రుచి రావాలి కదా.

అరకు ఫిల్టర్ | ఆదివారం, ఉదయం 11:30

గొడవెందుకు, విడదీసి చూస్తే పోలా? నా దగ్గర కార్టర్ హాల్ పాత పౌచ్ ఒకటి ఉంది. పళ్లెంలో పోసి, ట్వీజర్‌తో పసుపు, నారింజ పేలికలు ఒక పక్కకి, గోధుమరంగువి ఇంకో పక్కకి తీస్తా. మా ఆవిడ ఇప్పటికే అనుమానంగా చూస్తోంది. సాయంత్రం ఫలితం చెప్తా.

డెంటల్ చైర్ | ఆదివారం, మధ్యాహ్నం 12:10

మీ ఆనందం పాడుచేయాలని కాదు గానీ, రోజూ నోళ్లు చూసేదాన్ని కాబట్టి ఒక మాట. పైపు పొగ ఊపిరితిత్తుల్లోకి లాగం కాబట్టి ఏమీ కాదనుకునేవాళ్లు ఈ వేదికలో చాలామంది కనిపిస్తున్నారు. నోరు, గొంతు, పెదవి క్యాన్సర్‌కి లాగాల్సిన పని లేదు. పైగా బర్లీ పొగ క్షార గుణంతో ఉంటుంది, వర్జీనియా పొగది కొంచెం ఆమ్ల గుణం. క్షార పొగలోంచి నికోటిన్ నోటి చర్మం గుండా నేరుగా రక్తంలోకి దిగుతుంది. ఖాళీ కడుపుతో బర్లీ కాల్చి కళ్లు తిరిగి పడిపోయేది అందుకే. గాలికి ఆరిన బర్లీలో నైట్రేట్లు ఎక్కువ, దాంతో నైట్రోసమైన్లనే క్యాన్సర్ కారకాలు కూడా వర్జీనియా కన్నా ఎక్కువే. "పూత లేని సహజమైన ఆకు" అంటే సురక్షితం అనుకోకండి.

మన ఉత్తరాంధ్ర సంగతి మీకు చెప్పక్కర్లేదు. శ్రీకాకుళం నుంచి భీమిలి దాకా తీరం వెంబడి పెద్ద వయసు ఆడవాళ్లు అడ్డపొగ తాగడం చూసే ఉంటారు, నిప్పు నోట్లో పెట్టుకుని. అంగిట్లో తెల్లమచ్చలు, మధ్యలో ఎర్రచుక్కలు, కొందరిలో అంగిలి క్యాన్సర్. ప్రపంచ వైద్య పత్రికల్లో మన జిల్లాల పేర్లు ఎక్కింది ఇలాగే.

ఆర్నెల్లకోసారి నోరు చూపించుకోండి. రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే అస్సలు ఆగొద్దు.

పూర్ణా మార్కెట్ మనవడు | ఆదివారం, మధ్యాహ్నం 12:45

మా నానమ్మ అడ్డచుట్టే డాక్టరమ్మా. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని నడుస్తుంటే గాలికి ఆరకుండా ఉండాలని అలా తాగేవారట. చివరికి అంగిలికే వచ్చింది. మీరు చెప్పింది చదివాక ఇవాళ పైపు జోలికి పోలేదు. రేపటి మాట చెప్పలేను.

కొత్తకుర్రాడు ఎంవీపీ | ఆదివారం, మధ్యాహ్నం 1:20

డాక్టర్ గారూ, మొన్న ఉదయం టిఫిన్ చేయకుండా కాల్చి చెమటలు పట్టి మంచం మీద పడ్డాను. గ్యాస్ అనుకున్నా! ఇంట్లో చెప్పలేదు, టెన్షన్ పడతారని.

డెంటల్ చైర్ | ఆదివారం, మధ్యాహ్నం 1:32

గ్యాస్ కాదు నాయనా, నికోటిన్. కొత్తగా మొదలుపెట్టానంటున్నావు కాబట్టి అడుగుతున్నా, ఇప్పుడే మానేయొచ్చుగా? మానడం ఇంత తేలిగ్గా ఉండే సమయం మళ్లీ రాదు.

అరకు ఫిల్టర్ | ఆదివారం, సాయంత్రం 7:50

విడదీశాను. ఇంత చిన్న పని ఇంత విసుగ్గా ఉంటుందనుకోలేదు. ఆ పేలికలు వేళ్లకి అంటుకుంటాయి, ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతాయి, ఫ్యాన్ తీస్తే చెమట.

పసుపువి ముందు. చిన్న గిన్నె ఉన్న పైపులో వేశా. వెంటనే అంటుకుంది, వేడెక్కింది. ఎండుగడ్డి, పులుపు, ఆ తర్వాత పదునైన తీపి. సగంలోనే నాలుక చురుక్కుమంది. పొగ పలచన, నోట్లో నిలవదు.

తర్వాత పైపు శుభ్రం చేసి, నీళ్లు తాగి, కాసేపాగి గోధుమరంగువి. పొగ చిక్కగా, మెత్తగా ఉంది. మంట అస్సలు లేదు. కానీ చప్పగా ఉంది. వేరుశనగ పొట్టు రుచి స్పష్టం, తీపి సున్నా. ఐదు నిమిషాలకే బోరు కొట్టింది.

రెండూ మళ్లీ కలిపి కాలిస్తే... అదిగో, మొదటి పోస్టులో మాస్టారు రాసిన రుచి. ఒకదాని చక్కెర, ఇంకోదాని ఒళ్లు (పొగ చిక్కదనం). నా ఓటు మాస్టారుకే.

బేరన్ బుజ్జి | ఆదివారం, రాత్రి 8:25

ప్రయోగం బాగుంది అన్నా, కానీ ఒక చిక్కుంది. రంగు చూసి ఆకు చెప్పలేం. వర్జీనియాలోనే నిమ్మ రంగు, నారింజ, ఎరుపు, గోధుమ అన్నీ ఉంటాయి. మొక్క అడుగు ఆకు ఒక రంగు, పై ఆకు ఇంకో రంగు. పైగా ఎక్కువ కాలం నిల్వ ఉంచినా, ఒత్తిడి పెట్టినా నల్లబడుతుంది. మీరు తీసిన గోధుమరంగు కుప్పలో ఎర్ర వర్జీనియా కొంత దొర్లే ఉంటుంది. పూత కూడా రెండు కుప్పలకీ ఉంది. మీ ప్రయోగం మాస్టారి మాటని నిరూపించలేదు, మనవడు గారి మాటని కొట్టేయనూ లేదు.

అసలైన పరీక్ష కావాలంటే పూత లేని ఆకులు రెండూ విడివిడిగా కావాలి. బర్లీ మన దగ్గరే పండుతుంది, వినుకొండ వైపు, రంపచోడవరం ఏజెన్సీలో. ఆ ఆకుకీ అమెరికా ఆకుకీ తేడా ఉంటుంది, నేల వేరు కదా. వర్జీనియాలో కూడా మా ఎర్రనేలల ఆకు ఒక రకం, ఒంగోలు వైపు ఆకు ఇంకో రకం. మావైపు ఆకులో ఒళ్లూ, వాసనా ఎక్కువని కొనేవాళ్లే అంటారు.

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 8:40

బుజ్జీ, ఊరెళ్లినప్పుడు ఓ కేజీ వర్జీనియా పట్టుకురావొచ్చుగా? ఎంతైనా ఇస్తాం.

మోడరేటర్ | ఆదివారం, రాత్రి 8:55

ఉప్పుగాలి గారూ, ఇక్కడ అమ్మకాలు, కొనుగోళ్ల మాటలు వద్దు. వర్జీనియా రైతు పొగాకు బోర్డులో నమోదు చేసుకుని, పండించినది బోర్డు వేలం కేంద్రంలోనే అమ్మాలి. బయట అమ్మితే ఇబ్బంది పడేది రైతే. ఇంకో మాట: ఈ వేదిక 18 నిండినవాళ్లకే. రుచుల గురించి ఎంతైనా మాట్లాడుకోండి.

బేరన్ బుజ్జి | ఆదివారం, రాత్రి 9:10

థాంక్స్ మోడరేటర్ గారూ, నేను చెప్పాల్సిన పని తప్పింది. ఉప్పుగాలి అన్నా, బాధపడకు. తెచ్చినా నీకు పనికిరాదు. బేరన్ నుంచి దింపిన ఆకు వెంటనే కాలిస్తే గొంతు గీరుకుపోతుంది. దాన్ని గ్రేడు చేసి, బేళ్లు కట్టి, ఫ్యాక్టరీలో తేమ సరిచేసి నెలల తరబడి మాగబెట్టాకే అది మీ పైపు దాకా వచ్చేది.

ఉప్పుగాలి | ఆదివారం, రాత్రి 9:35

సరే, ఒప్పుకున్నాం. మాస్టారూ, మరి గాలి సంగతి చెప్పి మధ్యలో వదిలేశారేం? నాకు అదే అసలు సమస్య. మా ఇల్లు ఆర్కే బీచ్‌కి రెండు వీధుల అవతల. ఇంట్లో ఉప్పు డబ్బా మూత తీస్తే చాలు ఉప్పు నీరయ్యే ఇల్లు. పౌచ్ తెరిచిన వారానికి పొగాకు మెత్తబడిపోతోంది. అగ్గిపుల్లలు పెట్టె సగం అయిపోతున్నాయి గానీ పైపు వెలగదు.

వాల్తేరు పైపు | ఆదివారం, రాత్రి 10:20

ఇది రాయాలనే ఉంది, గాలి మీదే సగం తీర్పు ఆధారపడి ఉంది కాబట్టి.

పైపు పొగాకు 60, 65 శాతం తేమ ఉన్న గాలిలో ఉంటే సరిగ్గా కాలుతుంది. మన ఊళ్లో ఏడాదిలో ఎక్కువ రోజులు గాలిలో తేమ 70 పైనే. అంటే పౌచ్ తెరిచి పెడితే పొగాకు ఆరదు, ఇంకా తాగుతుంది. అందులోనూ బర్లీ ముందు తాగుతుంది, గుల్ల ఆకు కదా. వర్జీనియాలో చక్కెర ఉంది, అదీ తేమని లాక్కుంటుంది. రెండూ దొందూ దొందే. తడిసిన బ్లెండ్‌లో ముందు చచ్చేది బర్లీలోని పొట్టు రుచి. మిగిలేది ఆవిరి, మంట, పూత. అప్పుడు "ఇదేం పొగాకు, పంచదార పొగ" అని రివ్యూ రాస్తాం. మన వేదికలో ఈ బ్లెండ్‌కి పాత రేటింగులు చూడండి, జూలై, ఆగస్టు, అక్టోబరుల్లో రాసినవన్నీ తిట్లే. జనవరిలో రాసినవాళ్లు మెచ్చుకున్నారు. పొగాకు మారలేదు, గాలి మారింది.

నేను చేసేది ఇది. పైపుకి సరిపడా పొగాకు కాగితం మీద పరిచి ఏసీ గదిలో పెడతా. ఫ్యాన్ కింద కాదు, ఫ్యాన్ అదే తడిగాలిని తిప్పుతుంది. వేలితో నొక్కి వదిలితే ముద్దగా ఉండిపోతే ఇంకా తడే. మెల్లగా విచ్చుకుంటే సిద్ధం. కరకరలాడితే మరీ ఎక్కువైనట్టు. ఎండలో మాత్రం పెట్టొద్దు, పైన ఎండి లోపల తడి మిగులుతుంది, వాసన కూడా పోతుంది.

మిగతాది రబ్బరు వాషరున్న గాజు సీసాలో. ఆవకాయ పెట్టిన సీసా ఎంత కడిగినా వద్దు. బర్లీకి ఆవకాయ వాసన ఎక్కితే దేవుడే దిక్కు.

పూర్ణా మార్కెట్ మనవడు | ఆదివారం, రాత్రి 10:48

ఇది మాత్రం మా తాత మాటే. వానాకాలం సరుకు మీద మాటివ్వకూడదు అనేవాడు. చుట్టలు డబ్బాలో వేసి, డబ్బా వంటగదిలో పొయ్యికి పై అటక మీద పెట్టేవాడు. ఏసీ లేని రోజులు. కోకో విషయంలో మాత్రం నా మాట నాదే.

అరకు ఫిల్టర్ | సోమవారం, ఉదయం 6:55

పొద్దున్నే ఇడ్లీ తిన్నాకే (డాక్టర్ గారూ, గమనించగలరు) ఏసీలో ఆరిన పొగాకుతో ఇంకో గిన్నె. పక్కన అరకు కాఫీ, పాలు లేకుండా. కాఫీ చేదు, బర్లీ చేదు ఒకదాన్నొకటి కప్పేసుకున్నాయి, అప్పుడు వర్జీనియా తీపి విడిగా పైకి తేలింది. పాలు, పంచదార వేసిన ఫిల్టర్ కాఫీతో ఈ పొగాకు ఏమీ తెలియదు, దండగ. నిమ్మకాయ టీ కూడా చూశాను, అదీ వద్దు. రెండు పులుపులు తగువులాడుకుంటాయి.

రుచికి ఏడు ఇస్తున్నా. మాస్టారు కన్నా అర మార్కు ఎక్కువ, అది ఏసీ బిల్లుకి.

కొత్తకుర్రాడు ఎంవీపీ | సోమవారం, ఉదయం 8:30

మాస్టారూ, ఏసీ మా గదిలో లేదు, అమ్మానాన్నల గదిలో ఉంది. పొగాకు అక్కడ పరిస్తే నా పని అయిపోతుంది. ఇంకో దారి ఉందా? లేకపోతే డాక్టర్ గారి దారేనా?

వాల్తేరు పైపు | సోమవారం, ఉదయం 9:10

ముందు డాక్టర్ గారి దారి గురించి నిజంగానే ఆలోచించు. మేమంతా అలవాటు పడి ఇరుక్కున్నవాళ్లం, నీకు ఇంకా వ్యవధి ఉంది. అయినా కాలుస్తానంటావా, జనవరి దాకా ఆగు. సీసా మూత తియ్యకు.